నీళ్లకు ‘ఫోర్సు’ లేదంటే ఏది తక్కువైనట్టు?

ఇల్లు కట్టుకునేవాళ్లు, బాత్రూం మార్పించుకునేవాళ్లు ముందుగా చేసే పని ఆ కష్టం అప్పటికే పడ్డవాళ్లను అడగడం. అడగాల్సిందే. కానీ షవర్ల విషయం వచ్చేసరికి ఆ సలహాలు ఒకదానితో ఒకటి అస్సలు కుదరవు. ఒకాయన ‘పైపు ముప్పావు అంగుళంది వేయించండి, అంతా సర్దుకుంటుంది’ అంటారు. ఇంకొకాయన గోడలు పగలగొట్టి మరీ పైపులు మార్పించినా చుక్క తేడా రాలేదంటారు. ‘మామూలు షవర్ పెట్టుకోండి, పంపు దండగ’ అని ఒకరు, ‘పంపు లేకపోతే షవరే దండగ’ అని మరొకరు. ఒకే కంపెనీ, ఒకే మోడల్ షవర్‌ను ఒకరు ఆకాశానికెత్తేస్తారు, మరొకరు డబ్బు బూడిదలో పోసినట్టే అంటారు.

వీళ్లలో అబద్ధం చెబుతున్నవాళ్లు ఎవరూ లేరు. ఎవరింట్లో జరిగింది వాళ్లు చెబుతున్నారు. చిక్కంతా మనం వాడే ఒక్క మాటలో ఉంది. ‘నీళ్లు ఫోర్సుగా రావట్లేదు’ అంటాం. ఆ ‘ఫోర్సు’లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. ఒకటి ఒత్తిడి, అంటే నీళ్లను వెనక నుంచి తోసే బలం. రెండోది ప్రవాహం, అంటే నిమిషానికి ఎన్ని లీటర్లు బయటికొస్తున్నాయన్నది. మొదటిది ట్యాంకు దగ్గర పుడుతుంది. రెండోది ట్యాంకు నుంచి షవర్ రంధ్రాల దాకా దారిలో ఉన్న ప్రతి ఇరుకూ కలిసి తేలుస్తుంది. ఈ రెంటినీ విడదీసి చూస్తే పైన చెప్పిన సలహాలన్నీ ఎవరి ఇంట్లో అవి సరైనవేనని తెలుస్తుంది.

ఒత్తిడి ఎత్తును బట్టే, ట్యాంకు సైజును బట్టి కాదు

ఇంటిపైన ట్యాంకు ఉండి, అక్కడి నుంచి నీళ్లు వాటంతటవే దిగే ఏర్పాటునే ముందు చూద్దాం. దానిలో ఒత్తిడి లెక్క చాలా తేలిక. ట్యాంకులో నీటి మట్టానికీ, నీళ్లు బయటికొచ్చే చోటుకూ మధ్య నిలువుగా ఎన్ని మీటర్లుందో అదే ఒత్తిడి. ఒత్తిడిని బార్‌లలో కొలుస్తారు, 10 మీటర్లకు సుమారు ఒక బార్. అంటే మీటరుకు బార్‌లో పదో వంతు.

వెయ్యి లీటర్ల ట్యాంకు తీసేసి రెండు వేల లీటర్లది పెడితే ఫోర్సు పెరుగుతుందని చాలామంది నమ్ముతారు. నీటి మట్టం అదే ఎత్తులో ఉంటే పిసరంత కూడా పెరగదు. పెద్ద ట్యాంకు ఎత్తుగా కూడా ఉంటే, ఆ పెరిగిన ఎత్తు మేరకే తేడా.

ఒక ఉదాహరణ తీసుకుందాం. వ్యాసం చివరిదాకా ఇదే ఇల్లు. పై అంతస్తు బాత్రూంలో షవర్ నేల నుంచి 2 మీటర్ల ఎత్తులో ఉంది. శ్లాబు పైభాగం 3 మీటర్ల దగ్గరుంది. ట్యాంకు నేరుగా శ్లాబు మీదే కూర్చుంది, దానిలో మీటరు లోతు నీళ్లున్నాయి. షవర్ నుంచి శ్లాబుకు ఒక మీటరు, శ్లాబు నుంచి నీటి మట్టానికి ఇంకో మీటరు. మొత్తం 2 మీటర్లు, అంటే 0.2 బార్. అదే ఇంట్లో రెండంతస్తులు కిందకు దిగితే ఇంకో 6 మీటర్లు కలిసి 0.8 బార్ అవుతుంది. ఒకే ఇల్లు, ఒకే ట్యాంకు, ఒత్తిడి మాత్రం నాలుగింతలు.

ఇంకో సంగతి. పై అంతస్తులో ఉన్న ఆ 2 మీటర్లలో సగం ట్యాంకులోని నీళ్లదే. ట్యాంకు అడుగంటే వేళకు ఎత్తు మీటరుకు పడిపోతుంది. పొద్దున బాగా వచ్చిన షవర్ సాయంత్రం నీరసిస్తే చెడిపోయింది షవర్ కాదు, తగ్గింది మట్టం. కింది అంతస్తులో 8 మీటర్లు 7 అవుతుంది కాబట్టి అక్కడివాళ్లకు ఆ తేడా పెద్దగా తెలియదు.

పెట్టె మీది లీటర్లు మన ఇంటి లీటర్లు కావు

షవర్ పెట్టె మీద ‘నిమిషానికి 12 లీటర్లు’ అని ఉంటుంది. ఆ అంకె ఎంత ఒత్తిడి దగ్గర కొలిచిందో పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. యూరప్ పద్ధతిలో తయారైన వాటికి చాలావరకు 3 బార్. అమెరికా పద్ధతిలోవైతే 80 పీఎస్ఐ, అంటే దాదాపు 5.5 బార్. అమెరికాలో 1992 నాటి ఇంధన చట్టం షవర్‌కు నిమిషానికి 2.5 గ్యాలన్లు, అంటే 9.5 లీటర్ల గరిష్ఠ పరిమితి పెట్టింది. ఆ పరిమితిని కొలిచేది ఈ 80 పీఎస్ఐ దగ్గరే. అందుకే చాలా క్యాటలాగుల్లో 9.5 అనే అంకె కనిపిస్తుంది.

మన ఉదాహరణ ఇంట్లో ఉన్నది 0.2 బార్. 3 బార్‌లో పదిహేనో వంతు. అలాగని నీళ్లు కూడా పదిహేనో వంతుకు పడిపోవు. రంధ్రంలోంచి వచ్చే ప్రవాహం ఒత్తిడి వర్గమూలాన్ని బట్టి మారుతుంది. ఒత్తిడి నాలుగో వంతైతే నీళ్లు సగమవుతాయి. ఈ లెక్కన 12 లీటర్ల షవర్ 0.2 బార్ దగ్గర నిమిషానికి సుమారు 3 లీటర్లిస్తుంది. పైపుల్లో పోయేది ఇంకా తీసేయలేదు.

పక్కనే ‘కనీస ఒత్తిడి’ అని మరో అంకె ఉంటుంది. నా లెక్కలో పెట్టె మొత్తం మీద అన్నిటికంటే ముందు చూడాల్సింది అదే. వేడి నీళ్లను తానే సర్దుబాటు చేసే థర్మోస్టాట్ మిక్సర్లలో చాలావాటికి ఒక బార్ కావాలి. తక్కువ ఒత్తిడి కోసమే చేసినవైతే 0.1, 0.2 బార్‌తోనూ నడుస్తాయి. ప్రమాణాలు రకరకాలుగా ముద్రిస్తారు కాబట్టి తికమకపడనక్కర్లేదు: ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ, 0.1 మెగాపాస్కల్, సుమారు 10 మీటర్ల నీటి ఎత్తు. అన్నీ ఒకటే.

పైపు తినేసేది

ఇంతవరకు చెప్పిన ఒత్తిడి ట్యాప్ కట్టేసి ఉన్నప్పటిది. నీళ్లు కదలడం మొదలవగానే పైపు గోడల రాపిడి దానిలో కొంత తినేస్తుంది. ట్యాప్ కట్టేసి గేజ్ పెట్టి చూసి ‘ప్రెషర్ బాగానే ఉందండీ’ అని ప్లంబర్ అనడం, ట్యాప్ తిప్పగానే ధార చతికిలబడటం, రెండూ నిజమయ్యేది ఇలాగే.

ఈ రాపిడికి పైపు వ్యాసంతో ఉన్న సంబంధం మామూలుగా ఊహించేటంత నెమ్మదైనది కాదు. లోపలి వ్యాసం రెట్టింపైతే, అంతే ప్రవాహానికి పోయే ఒత్తిడి సగం కాదు, దాదాపు 29వ వంతుకు పడిపోతుంది. ఇక్కడ ‘లోపలి’ అన్న మాట ముఖ్యం. సీపీవీసీ అనే ప్లాస్టిక్ రకంలో అరంగుళం పైపు లోపల నిజంగా ఉండే ఖాళీ సుమారు 12.4 మిల్లీమీటర్లే. ముప్పావు అంగుళం దానిలో 18.2. పీపీఆర్ అనే మరో రకం ప్లాస్టిక్ పైపులనైతే బయటి కొలతతో పిలుస్తారు. 20 మిల్లీమీటర్ల పైపు మందపాటి రకంలో లోపల 13.2 మాత్రమే ఉంటుంది. పాత ఇనుప పైపు పేరుకు అరంగుళమే అయినా కొత్తలో దాని లోపలి ఖాళీ వీటికంటే ఎక్కువ. ఇనుప పైపు తీసేసి ‘అదే సైజు’ ప్లాస్టిక్ పైపు వేయించుకున్నాక నీళ్లు తగ్గాయనే ఫిర్యాదు వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

అంకెల్లో చూద్దాం. అరంగుళం సీపీవీసీలో నిమిషానికి 9 లీటర్లు పారితే ప్రతి 10 మీటర్ల పైపుకూ 1.6 మీటర్ల ఎత్తు హరించుకుపోతుంది. ముప్పావు అంగుళంలో అంతే నీళ్లకు పావు మీటరు పోతుంది.

పైపు మలుపు తిరిగేచోట పెట్టే ఎల్బోలు, నీళ్లు కట్టేసే వాల్వులు అదనం. అరంగుళం ఎల్బో ఒక్కోటి దాదాపు 40 సెంటీమీటర్ల పైపుతో సమానం. పూర్తిగా తెరిచిన బాల్ వాల్వ్ లేనట్టే లెక్క. కానీ లోపల వాషర్ కిందికి దిగి మూసే పాతకాలపు స్టాప్ కాక్, పూర్తిగా తెరిచి ఉన్నా 4 మీటర్ల పైపంత రాపిడి పెడుతుంది. చూడటానికి రెండూ అరచేతిలో ఇమిడే వస్తువులే. టైల్స్ వెనక్కి వెళ్లిపోయాక ఏది బిగించారో తెలిసే మార్గమే ఉండదు.

పైపు ఎవరితో పంచుకుంటున్నామన్నది కూడా చూడాలి. ఒకే పైపు మీద ఇంకో ట్యాప్ తెరిచి ప్రవాహం రెట్టింపైతే రాపిడి రెట్టింపు కాదు, మూడున్నర రెట్లు దాటుతుంది. ఎవరో ఫ్లష్ నొక్కగానే షవర్ నీరసపడటం దీనివల్లే.

ఒకే బాత్రూం, ఐదు ఫలితాలు

ఇప్పుడు మన ఇంట్లో 2 మీటర్ల ఎత్తు, 10 మీటర్ల పైపు, 8 ఎల్బోలు, పాతరకం స్టాప్ కాక్ ఒకటి ఉన్నాయనుకుందాం. రెండు రకాల షవర్లు తీసుకుందాం. మొదటిది 3 బార్ దగ్గర 12 లీటర్లిచ్చే నాజూకు షవర్. రెండోది తక్కువ ఒత్తిడి కోసం పెద్ద రంధ్రాలతో చేసినది, 0.2 బార్ దగ్గరే 8 లీటర్లిచ్చేది. షవర్‌లోనూ పైపులోనూ పోయేది కలిపి మొత్తం 2 మీటర్లకు సరిపోయే చోట ప్రవాహం నిలబడుతుంది. ఆ లెక్క వేస్తే వచ్చేవి ఇవి:

నాజూకు షవర్, అరంగుళం పైపు: నిమిషానికి సుమారు 2.8 లీటర్లు.
నాజూకు షవర్, ముప్పావు పైపు: సుమారు 3 లీటర్లు.
పెద్ద రంధ్రాల షవర్, అరంగుళం పైపు: సుమారు 5.4 లీటర్లు.
పెద్ద రంధ్రాల షవర్, ముప్పావు పైపు: సుమారు 7.3 లీటర్లు.
నాజూకు షవర్, అరంగుళం పైపు, దానికి 10 మీటర్ల ఎత్తు జోడించే పంపు: సుమారు 7 లీటర్లు.

మొదటి రెండు వరుసలు పక్కపక్కన పెట్టి చూడండి. గోడలు పగలగొట్టి పైపులు మార్చిన ఆయనకు దక్కింది నిమిషానికి గ్లాసుడు నీళ్లు. ఆయన ఇంట్లో దారికి అడ్డుపడుతున్నది పైపు కాదు, షవర్. మూడో, నాలుగో వరుసలు పైపు మార్చి సంతోషపడ్డవారివి. షవర్ ధారాళంగా వదిలేదే కాబట్టి ఇరుకంతా పైపులో ఉంది, దాన్ని విప్పగానే నీళ్లు మూడో వంతుకు పైగా పెరిగాయి. ఆఖరి వరుస ‘పంపు లేకపోతే దండగ’ అన్నవారిది. ఆ షవరే కావాలనుకున్న ఇంట్లో ఆ మాట అక్షరాలా నిజం. నాలుగో వరుసవారు పంపు లేకుండానే అంతకంటే కాస్త ఎక్కువ నీళ్లు పోసుకుంటున్నారు.

అయితే నిమిషానికి 7 లీటర్లు రెండుచోట్లా ఒకటే అనిపించవు. పంపు వెనక ఉన్న సన్నటి రంధ్రాల్లోంచి నీళ్లు వేగంగా, ఒంటికి గుచ్చినట్టు తగులుతాయి. పెద్ద రంధ్రాల్లోంచి మెత్తగా జారతాయి. అరచేయంత షవర్ తీసి పళ్లెమంత వెడల్పున్న రెయిన్ షవర్ పెట్టినప్పుడు జరిగేదీ ఇదే: అవే నీళ్లు ఎక్కువ రంధ్రాలకు పంచుకుపోయి వేగం చచ్చిపోతుంది. ఏది హాయి అన్నది అభిరుచి, దాన్ని లెక్క తేల్చలేదు.

‘షవర్ లోపల నీళ్లను అడ్డుకునే బిళ్ల ఉంటుంది, తీసిపారేయండి’ అనే సలహాకూ ఇక్కడే జవాబుంది. ఆ బిళ్ల గట్టి ప్లాస్టిక్ ముక్క, మధ్యలో చిన్న రంధ్రం ఉన్నదైతే, తక్కువ ఒత్తిడి ఉన్న ఇంట్లో తీస్తే తేడా కనిపిస్తుంది. ఒత్తిడి పెరిగినప్పుడు ఉబ్బి దారి మూసే రబ్బరు రింగు రకమైతే, తక్కువ ఒత్తిడి దగ్గర అది అప్పటికే సడలి ఉంటుంది. తీసినా పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఒత్తిడి బాగా ఉన్న ఇంట్లో మాత్రం ఏది తీసినా వృథా అయ్యేది నీళ్లు, వాటిని వేడి చేసిన కరెంటు.

పంపు వచ్చాక గీజర్ చెడ్డదవుతుంది

పంపు పెట్టె మీద రెండు పెద్ద అంకెలుంటాయి: ‘హెడ్ 15 మీటర్లు, డిశ్చార్జ్ నిమిషానికి 30 లీటర్లు’ అన్నట్టు. హెడ్ అంటే పంపు నీళ్లను ఎంత ఎత్తుకు తోయగలదన్నది, డిశ్చార్జ్ అంటే నిమిషానికి ఎన్ని నీళ్లివ్వగలదన్నది. ఈ రెండూ ఒకేసారి రావు. ఆ హెడ్ ట్యాప్ అసలు తెరవనప్పటిది. ఆ డిశ్చార్జ్ ఎదురు ఒత్తిడి ఏమీ లేనప్పటిది. మనకు అందేది మధ్యలో ఎక్కడో ఉంటుంది. అది తెలియాలంటే పెట్టెలోని కాగితం మీద గీసిన వంపు గీతను చూడాలి, పెట్టె మీది అంకెలను కాదు.

పంపు తాలూకు అసలు కష్టం మరోచోట బయటపడుతుంది. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ ఉన్న ఇల్లు తీసుకోండి. నీళ్లు 20 డిగ్రీల్లో వస్తున్నాయి, 40కి వేడెక్కాలి. ఆ గీజర్ అలా వేడి చేయగలిగేది నిమిషానికి 2 లీటర్ల పైచిలుకే. నాజూకు షవర్‌లోంచి 2.8 లీటర్లు వస్తున్నంతకాలం 35 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లతో సర్దుకుపోవచ్చు. పంపు పెట్టి 7 లీటర్లు చేయగానే అదే గీజర్ 6 డిగ్రీలు మించి పెంచలేదు. చల్లగా 26 దగ్గర ఆగిపోతుంది. ‘మొన్నటిదాకా బాగుండేది, ఇప్పుడు కాయిల్ పోయినట్టుంది’ అని మెకానిక్‌ను పిలుస్తారు. కాయిల్ తన పని తాను నిక్షేపంగా చేస్తూనే ఉంది. 7 లీటర్లను 20 డిగ్రీలు వేడెక్కించాలంటే దాదాపు 10 కిలోవాట్లు కావాలి. అంత లోడుకు వైరింగే వేరేగా ఉండాలి.

ట్యాంకు ఉన్న గీజర్‌దీ ఇదే వరస. 15 లీటర్లు 60 డిగ్రీల్లో ఉంటే, 20 డిగ్రీల నీళ్లు సమంగా కలిపి 40 డిగ్రీల నీళ్లు మహా అయితే 30 లీటర్లొస్తాయి. నిమిషానికి 3 లీటర్ల షవర్‌కు అవి 10 నిమిషాలు. 7 లీటర్ల షవర్‌కు 4 నిమిషాల పైమాట. తలకు నురుగు పెట్టుకునేసరికి అయిపోతాయి.

పంపును చన్నీళ్ల లైనుకు మాత్రమే బిగించిన ఇళ్లలో మరో సమస్య. చన్నీళ్లు బలంగా, వేన్నీళ్లు బలహీనంగా వచ్చి ఒకే మిక్సర్‌లో కలిస్తే చన్నీళ్లదే పైచేయి. వేన్నీళ్లను వెనక్కి నెట్టేస్తుంది కూడా. నాన్ రిటర్న్ వాల్వ్ ఆ వెనక్కి పోవడాన్ని ఆపుతుంది, వేడిని తెచ్చిపెట్టదు. రెండు లైన్లూ ఒకే ఒత్తిడిలో ఉంటేనే మిక్సర్ మాట వింటుంది.

వీధి పైపు నుంచి నేరుగా మంచి ఒత్తిడితో నీళ్లు అందే ఇళ్లలో కథ తిరగబడుతుంది. 3 బార్ ఉన్నచోట అరంగుళం పైపు నిజంగానే చాలు. అక్కడి ప్లంబర్ ‘ముప్పావు ఎందుకండీ’ అంటే తప్పు పట్టలేం. అక్కడ పట్టించుకోవాల్సింది ఎక్కువైన ఒత్తిడిని. ట్యాప్ గబుక్కున కట్టేసినప్పుడు గోడలో డబ్‌మని మోగడం, వాష్‌బేసిన్ కింది హోస్ పైపులు పగలడం వంటివి. గీజర్ మీద రాసి ఉన్న గరిష్ఠ ఒత్తిడిని లైను దాటకుండా చూసే ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వ్ అలాంటి ఇళ్ల కోసమే.

ట్యాంకునే ఇంకాస్త పైకెత్తితే? పంపు మోత ఉండదు, కరెంటు అక్కర్లేదు. కానీ మీటరుకు దక్కేది 0.1 బారే. పై అంతస్తులో 0.2 ఉన్నచోట అది 0.3 అవడం చిన్న విషయం కాదు. అయితే వెయ్యి లీటర్ల నీళ్లంటే టన్ను బరువు. దాన్ని స్తంభాల మీదికెత్తడం ప్లంబర్ తేల్చే సంగతి కాదు, శ్లాబు ఎంత మోయగలదో లెక్కగట్టే ఇంజినీరుది.

బకెట్ చెప్పే సాక్ష్యం

ఇరుకు ఎక్కడుందో గోడ పగలగొట్టకుండానే తెలుస్తుంది. షవర్‌తో 10 లీటర్ల బకెట్ నిండటానికి ఎంతసేపు పడుతుందో చూసి, ఆ తర్వాత షవర్ తల విప్పేసి ఉత్త పైపుతో మళ్లీ చూడటమే. మన ఉదాహరణ ఇంట్లో నాజూకు షవర్‌తో మూడున్నర నిమిషాలు పడుతుంది. అరంగుళం ఉత్త పైపుతో 80 సెకన్లు. అంత తేడా వస్తే నీళ్లను ఆపుతున్నది షవర్. షవర్ తీసినా బకెట్ అంతే నెమ్మదిగా నిండితే ఇరుకు వెనక ఉంది: పైపులోనో, వాల్వులోనో, ట్యాంకు దగ్గరో.

మా పై బాత్రూంలో నేనీ పని చేసినప్పుడు షవర్ తీసినా తేడా రాలేదు. అరంగుళం పైపుదే తప్పని తీర్మానించుకుని, టైల్స్ ఎక్కడి నుంచి పగలగొట్టాలో కూడా గీత గీసుకున్నాను. ముందు గోడ బయట ఉన్న యాంగిల్ కాక్ అనే చిన్న ట్యాపును ఒకసారి విప్పి చూద్దామనిపించింది. లోపలి జల్లెడకు సున్నపు పెచ్చులు తెల్లగా అట్టకట్టి ఉన్నాయి. వాటి మధ్య పైపు కోసినప్పుడు రాలిన ప్లాస్టిక్ పొట్టు వంకీలు తిరిగి ఉంది, చుట్టూ టెఫ్లాన్ టేపు పోగు ఒకటి చిక్కుకుంది. కట్టినప్పుడు పైపుల్ని కడగకుండానే ట్యాపులు బిగించేశారన్నమాట. పాత టూత్‌బ్రష్‌తో రుద్ది తిరిగి పెట్టాను. ఉత్త పైపుతో అంతకుముందు మూడు నిమిషాలు దాటిన బకెట్ నిమిషంన్నరలో నిండింది. గోడ మీద పెన్సిల్ గీత ఇంకా అలాగే ఉంది.